మీటరుకు దొరకని లోపం

కరెంటు చక్రాల కుర్చీలు బాగుచేసే ఆ మనిషిని అందరూ మీటరమ్మ అనేవాళ్ళు. పదహారేళ్ళుగా ఆమెది అదే పని. భుజాన సంచీ, చేతిలో ఎర్ర తీగా నల్ల తీగా వేలాడే మీటరూ చూసి, తలుపు తీసినవాళ్ళు "రీడింగు మొన్ననే తీసుకెళ్ళారుగా" అని మళ్ళీ తలుపు వేసెయ్యబోయేవాళ్ళు. మొదట్లో చిరాకు పడేది. పోనుపోను ఆవిడే ఫోన్లో "నేను మీటరమ్మని, కుర్చీ చూడ్డానికొస్తున్నా" అనడం మొదలుపెట్టింది.

పనిలో ఆమెకి ఒకటే పట్టుదల. ఊహించకూడదు, కొలవాలి. కుర్చీ ఆగిందనగానే "బ్యాటరీ పోయుంటుంది" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది. ముందు చార్జరు, తరవాత బ్యాటరీలు, ఆపైన తీగలూ కనెక్టర్లూ, మోటార్లు, అన్నిటికన్నా చివర చేత్తో కుర్చీ నడిపే పిడి, జాయ్‌స్టిక్. ఆ వరస తప్పేది కాదు. ఒక్కోటీ బాగుందని తేలేకొద్దీ లోపం దాక్కోడానికి చోటు తగ్గిపోతుంది, చివరికి ఏదో మూల దొరక్క మానదు అనేది.

క్రేనాయన ఇంటికి ఆమె మొదటిసారి వెళ్ళింది వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో. మూడంతస్తుల మేడలో కింది వాటా. గుమ్మం ముందు రెండు మెట్ల మీద ఇనప రేకు ఏటవాలుగా పరిచి ఉంది. తలుపు తీసింది ఆయన అక్క. అరవై దాటిన పొడుగాటి మనిషి, ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఉతికి ఉతికి మోచేతుల దాకా చర్మం తెల్లబడిపోయింది. పెళ్ళి చేసుకోని అక్క, భార్య పోయిన తమ్ముడు, ఇద్దరే ఉంటారు.

"రా తల్లీ. మావాడి గుర్రం పొద్దున్నించీ మొరాయిస్తోంది. మేతా ముట్టదు, అడుగూ వెయ్యదు."

"నీ పరాచికాలు తరవాతక్కా, ముందు ఆవిణ్ణి చూడనీ," అన్నాడు లోపల్నించి తమ్ముడు.

ఓడరేవులో ఇరవై ఏడేళ్ళు క్రేను నడిపినవాడు ఆయన. మూడేళ్ళ కిందట కాళ్ళు తడబడటం మొదలైంది. నరాల జబ్బన్నారు. ముందు కాళ్ళు, తరవాత మెల్లగా పైకి పాకుతుంది అన్నారు డాక్టర్లు. ఆ మాటలో "కాళ్ళు" వరకే ఆయన చెవిన పడింది. తక్కింది అక్క వింది.

మిగతావాళ్ళలా "పనిచెయ్యట్లేదు" అని ఊరుకోలేదు ఆయన. "సమంగా ఉన్న చోట వంద గజాలు బాగానే పోతుంది. రేకు ఎక్కేటప్పుడు దీపాలన్నీ ఒక్కసారి పడిపోతాయి. స్విచ్చి ఆపి మళ్ళీ వేస్తే ఇంకో పది గజాలు. ఎడం పక్క చక్రం ముందు నీరసపడుతుంది," అన్నాడు. ఇలా చెప్పేవాళ్ళు ఏడాదికొకరు దొరికితే గొప్ప. మీటరమ్మకి మనిషి నచ్చాడు.

సీటు కింది మూత తీసి చూసింది. చార్జరు సరిగానే ఉంది. ఊరికే ఉన్నప్పుడు రెండు బ్యాటరీలూ పన్నెండున్నర వోల్టుల పైనే చూపించాయి. బరువు పడితే గానీ బ్యాటరీ బండారం బయటపడదు. కుర్చీ కదలకుండా గుమ్మం చట్రానికి ఆనించి, "పిడి ముందుకి తొయ్యండి, వదలకండి" అంది. ఒకటి పన్నెండు దగ్గర నిలబడింది. రెండోది తొమ్మిదికి జారిపోయింది. దాని కొసన తీగ బిగించిన చోట పచ్చటి చిలుము అరంగుళం మందాన పేరుకుని ఉంది.

"పోయింది ఒకటే కదా, రెండూ ఎందుకు?" అంది అక్క.

"జోడెడ్లలో ఒకటి కుంటిదైతే రెండోదాని మెడ విరుగుతుందమ్మా. మారిస్తే రెండూ మార్చాలి."

ఆమె చిలుము గీకుతున్నంతసేపూ ఆయన క్రేను గురించి చెప్పాడు. ముప్ఫై టన్నుల పెట్టెని ఓడలోంచి లేపి లారీ మీద దించితే, దిగిన సంగతి లారీ డ్రైవరుకి తెలియకూడదట. చేతికింద ఉన్న పిడి ఎంత కదిలిందో కంటికి కనపడకూడదు, వేళ్ళకే తెలియాలి. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేతకానివాడే మిషను బాగాలేదంటాడు. ఇరవై ఏడేళ్ళలో నేను మిషను మీద ఫిర్యాదు రాసింది మూడే మూడుసార్లు. మూడుసార్లూ తప్పు మిషనుదే," అన్నాడు.

కొత్త బ్యాటరీలు పెట్టాక ఆ ఇరుకు నడవలో కుర్చీని ఉన్నచోటే గిర్రున తిప్పి చూపించాడు. గోడకి అటు రెండు వేళ్ళు, ఇటు రెండు వేళ్ళు సందు. ఎక్కడా తగల్లేదు. మీటరమ్మ వచ్చిన పని మరిచిపోయి చూస్తూ నిలబడింది.

ఐదు వారాలకి మళ్ళీ ఫోను. ఈసారి అక్క గొంతులో పరాచికం లేదు. పెద్ద రోడ్డు దాటుతుంటే కుర్చీ నడిమధ్యలో ఆగిపోయిందట. లారీ ముందు చక్రం ఆయన పాదానికి జానెడు దూరంలో ఆగింది. లారీవాడే దిగి, కుర్చీని పక్కకి తోసి, నాలుగు బూతులు తిట్టి వెళ్ళాడు.

మీటరమ్మ గుమ్మంలో అడుగుపెట్టీపెట్టగానే ఆయన అందుకున్నాడు. "కొత్త బ్యాటరీలన్నావు. ఇదేనా కొత్త?"

ఆమె సంచీ దించింది. వరస ప్రకారం మొదలుపెట్టింది. చార్జరు బాగుంది. బ్యాటరీలు బరువు పెట్టినా చెక్కుచెదరలేదు. కనెక్టర్లు ఒక్కోటీ విప్పి, తుడిచి, లాగి చూసి బిగించింది. తీగలు వంచి చూసింది, ఎక్కడా తెగలేదు. మోటార్లలో కరెంటు అందించే బొగ్గు ముక్కలు అరగలేదు. బ్రేకులు టక్కున విడుస్తున్నాయి, టక్కున పడుతున్నాయి. ముప్పావుగంట గడిచింది. జాయ్‌స్టిక్ ఒక్కటే మిగిలింది. రబ్బరు తొడుగు తీసి నాలుగు వైపులా వంచి కొలిచింది. వదలగానే వచ్చి నడిమధ్య నిలబడుతోంది. గడియారంలా ఉంది.

ఆయన్ని అక్కా తనూ పట్టి మంచం మీదికి జార్చారు. మీటరమ్మ తానే కుర్చీలో కూర్చుని వీధి చివరి దాకా మూడుసార్లు వెళ్ళొచ్చింది. రేకు ఎక్కింది, దిగింది. ఎక్కడా ఆగలేదు.

"ఇప్పుడు మీరు నడపండన్నగారూ. నేను పక్కన నడుస్తా," అంది.

రోడ్డు మీద కుర్చీ కదిలింది. ఆమె కళ్ళు చక్రాల మీద ఉన్నాయి, చెవులు మోటారు మీద. ముప్ఫై అడుగులు పోయాక కారణం తెలియకుండానే ఆమె చూపు ఆయన చెయ్యి మీద పడింది.

బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ గుంటపడి ఉంది. వేళ్ళు పిడిని పట్టుకోలేదు, పిడి చుట్టూ ఊరికే వంగి ఉన్నాయి. మణికట్టు పక్కతో, మోచేతితో, చివరికి భుజంతో తోస్తున్నాడు. మెడ నరాలు పొంగాయి. అరవయ్యో అడుగు దగ్గర చెయ్యి వణికి, పిడి మీంచి జారింది. పిడి మధ్యకొచ్చింది. కుర్చీ మెత్తగా, పద్ధతిగా ఆగింది. ఆగమంటే ఎలా ఆగాలో అలాగే ఆగింది.

"చూశావా? ఇదే. ఇదే నేను చెప్పేది," అన్నాడాయన. మొహంలో కోపం, ఆ కోపం వెనక లోపం పట్టిచ్చినవాడి గెలుపు.

మీటరమ్మ తలెత్తింది. గుమ్మంలో అక్క తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఇటే చూస్తోంది. ఆ చూపు చూడగానే ఆవిడకి ముందే తెలుసని మీటరమ్మకి అర్థమైపోయింది. అక్క తల అడ్డంగా ఊపింది, ఒక్కసారే, చిన్నగా.

వంటింట్లో మంచినీళ్ళు ఇచ్చే నెపంతో తలుపు దగ్గరగా వేసింది అక్క.

"నెలైంది తల్లీ. చెంచా జారుతోందంటాడు, పిడికి గుడ్డ చుట్టి ఇస్తున్నా. చొక్కా గుండీలు బిగువంటాడు. గడ్డం గీసే కత్తి మొద్దంటాడు. గ్లాసు నున్నగా ఉందంటాడు. ఇంట్లో ఉన్న వస్తువులన్నీ చెడిపోయాయి, వాడి చెయ్యి తప్ప."

"డాక్టరుకి చెప్పారా?"

"చెబితే ఏం చేస్తాడు? రాసుకుంటాడు." గ్లాసు కుళాయి కింద పెట్టింది. "కాళ్ళు పోయినప్పుడు నాలుగు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఉలకడు, పలకడు. ఆ కుర్చీ వచ్చాకే మళ్ళీ మనిషయ్యాడు. చెయ్యి కూడా పోయిందని నేనెలా చెప్పను? నువ్వూ చెప్పకు. ఏదో తీగ వదులైందను. ఒక్క మాట. నీ సొమ్మేం పోతుంది?"

"తీగ బిగించానంటే రేపు మళ్ళీ నడిరోడ్డు మీద ఆగుతుందమ్మా. అప్పుడు లారీ ఆగకపోవచ్చు."

"మరి ఆగకుండా చెయ్యలేవా?"

ఆ మాట అడక్కుండా ఉంటే బాగుండుననిపించింది మీటరమ్మకి. ఎందుకంటే చెయ్యగలదు. సంచీలో ఒక చిన్న పెట్టె ఉంది, కుర్చీకి తగిలిస్తే లోపలి లెక్కలన్నీ మార్చొచ్చు. పిడిని ఎంత దూరం తోస్తే ఎంత వేగం రావాలో అందులోనే ఉంటుంది. అది మార్చాలంటే మాత్రం రోగికి కసరత్తు చేయించే డాక్టరు వచ్చి, చేతిబలం చూసి, కాగితం రాసివ్వాలి. ఆ కాగితం రావాలంటే చెయ్యి సంగతి ఆయన ముందు బయటపడాలి. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడింది కాసేపు. పక్క గదిలోంచి ఆయన దగ్గు వినపడింది.

పెట్టె తగిలించి, పిడి తోయాల్సిన దూరాన్ని బాగా తగ్గించేసింది. ఇదివరకు వేలి పొడవున వంచాల్సింది, ఇప్పుడు గోరంత కదిపితే చాలు. అంత చురుకు పెట్టినప్పుడు వేగం తగ్గించాలి, అది ఆ పనిలో అ ఆలు. తగ్గించింది కూడా. ఆయన నాలుగడుగులు నడిపి, "ఇదేమిటి, చూలాలి నడకలా ఉంది? నా వేగం నాకిచ్చెయ్" అన్నాడు. ఆమె తగ్గించినదాన్ని మళ్ళీ పెంచేసింది. ఆ క్షణంలో ఆమెకున్నది ఒకటే కోరిక, ఆ ఇంట్లోంచి త్వరగా బయటపడాలని.

"ఏం దొరికింది?" అన్నాడు.

"జాయ్‌స్టిక్ తీగ దగ్గర ఒక పిన్ను వదులైంది. బిగించా."

పదహారేళ్ళలో కొలవకుండా చెప్పిన మొదటి మాట అది. ఆయన మొహం విప్పారింది. "అదీ. నేను చెప్పలా అక్కా? పిన్ను."

వెళ్ళేటప్పుడు గుమ్మం బయట అక్కతో అంది, "అదిప్పుడు మహా చురుగ్గా ఉంది. ఒంటరిగా పంపకండి. ఇరుకు చోట్ల మీరు దగ్గరుండండి." దగ్గరుంటే ఎవరికి ప్రమాదమో అప్పుడు ఆమెకి తట్టలేదు.

ఆ తరవాత రోజులు క్రేనాయనకి బాగా గడిచాయి. పొద్దున్నే బయల్దేరి రేవు గోడ దాకా వెళ్ళేవాడు. గోడ మీంచి క్రేనుల తలలు కనపడతాయి. పక్కన అక్క, చేతిసంచీతో, అరుగు దొరికిన చోటల్లా కూలబడుతూ. ఒకరోజు ఆయనే మీటరమ్మకి ఫోను చేశాడు. "ఆ మూడో నంబరు క్రేను మీద కొత్తవాడెవడో ఉన్నాడు. పెట్టెని దించట్లేదు, పడేస్తున్నాడు. చూస్తే నా గుండె దడదడలాడింది. ఏమైనా నీ పిన్ను మాత్రం భేషుగ్గా ఉంది," అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఫోను పెట్టేశాక ముందున్న కంచంలో చెయ్యి కదల్లేదు.

పంతొమ్మిదో రోజు పొద్దున నడవలో పాలు ఒలికాయి. అక్క మోకాళ్ళ మీద వంగి గుడ్డతో తుడుస్తోంది, వీపు ఇటువైపు. ఆయన గదిలోంచి బయటికి వస్తూ ఆమె లేచేదాకా ఆగుదామని రెండు గజాల దూరంలో ఆగాడు. చెయ్యి పిడి మీదే ఉంది. దగ్గు వచ్చింది. ఒళ్ళంతా కుదిపే దగ్గు. మోచెయ్యి జారి, చేతి బరువంతా పిడి మీద పడింది.

కుర్చీ ఉన్నపళాన దూకింది. దానిదే నూటపాతిక కిలోల బరువు, పైన ఆయన. పాదాలు పెట్టుకునే ఇనప పలక అక్క కుడికాలిని గుమ్మం చట్రానికి వేసి నొక్కేసింది. అంతటితో ఆగలేదు. పడిన చెయ్యి పడినట్టే ఉంది, దాన్ని వెనక్కి తీసుకునే బలం ఆ భుజంలో లేదు. చక్రాలు నేల మీద గీరుకుంటూ తోస్తూనే ఉన్నాయి. అక్క అరుపు, ఆయన అరుపు కలిసి పై అంతస్తుకి వినపడ్డాయి. పైవాటా కుట్టుపనివాడు మెట్లు దూకి వచ్చి, ఏది స్విచ్చో తెలీక వెతికి, చివరికి ఆయన చేతినే ఎత్తి పక్కకి పెట్టాడు. మొత్తం అరనిమిషం ఉంటుందేమో. ఆ అరనిమిషమూ క్రేనాయన కుర్చీలోంచి కిందికి చూస్తూనే ఉన్నాడు.

చీలమండ దగ్గర రెండెముకలూ విరిగాయి. మోకాలి చిప్ప పగిలింది. అసలే వాళ్ళ బతుకు అంతంతమాత్రం, గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకున్నారు మేడలో వాళ్ళు.

నాలుగో రోజు మీటరమ్మ పనిచేసే కుర్చీల దుకాణానికి ఉత్తరం వచ్చింది. ఆయన చెబితే కుట్టుపనివాడు రాశాడు. మిషను దానంతటది అదుపు తప్పింది, తనిఖీ చేసి కారణం రాతపూర్వకంగా తెలియజేయవలెను. యజమాని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మీటరమ్మ ముందు పెట్టాడు.

"బాగుచేసింది నువ్వే కాబట్టి నువ్వే వెళ్ళు. కుర్చీలో లోపం లేదు, నడిపినవాడి పొరపాటు అని రెండు ముక్కలు రాసి పట్రా. అంతకుమించి ఒక్క అక్షరం వద్దు."

ఆమె వెళ్ళేసరికి తలుపు ఊరికే చేరవేసి ఉంది. అక్క ఆసుపత్రిలోనే ఉంది, పైవాటావాళ్ళు వచ్చి చూసిపోతున్నారు. ఆయన మంచం మీద ఉన్నాడు, గడ్డం పెరిగింది. కుర్చీ నడవలో, ఎవరో నెట్టిన చోట, గోడవైపు తిరిగి ఉంది. గుమ్మం చట్రానికి చెక్క లేచిపోయి లోపలి తెలుపు కనపడుతోంది. నేల ఎవరో బాగా కడిగారు.

"అన్నీ చూడు. నాకు కనపడేట్టు చూడు," అన్నాడాయన.

గది తలుపు బార్లా తీసి, కుర్చీని ఎదురుగా పెట్టి, వరస ప్రకారం మళ్ళీ మొదలుపెట్టింది. దేన్నీ వదల్లేదు. అవసరం లేదని ఆమెకి తెలుసు, అయినా ఒక్కో స్క్రూ విప్పింది, బిగించింది. గంట పట్టింది.

"ఏం తేలింది?"

"బ్యాటరీలు బాగున్నాయి. తీగలు బాగున్నాయి. మోటార్లు, బ్రేకులు బాగున్నాయి. జాయ్‌స్టిక్ బాగుంది."

"మరి?"

ఆమె మీటరు పక్కన పెట్టింది. "మీ చెయ్యి, అన్నగారూ."

ఆయన దుప్పటి మీద పడున్న తన కుడిచెయ్యి వైపు చూశాడు. పక్కింటివాళ్ళ వస్తువేదో పొరపాటున తమ ఇంట్లో వదిలేసి పోయినట్టు చూశాడు.

"నీకెప్పట్నించి తెలుసు?"

"పోయినసారి వచ్చినప్పుడే."

"పిన్ను?"

"పిన్నేం లేదు." తను ఏ లెక్క మార్చిందో, ఎందుకు మార్చిందో, వేగం తగ్గించి మళ్ళీ ఎందుకు పెంచిందో అంతా చెప్పింది. చెబుతుంటే అది ఎంత చిన్న పనో, ఎంత సులువుగా చేసిందో ఆమెకే విస్మయంగా ఉంది.

"అక్కకి?"

"ఆవిడకి నాకన్నా ముందే తెలుసు."

పైవాటాలో కుట్టుమిషను ఆగి ఆగి నడుస్తోంది.

"నాకు అనుమానం ఉండేది," అన్నాడు చివరికి. గొంతు మామూలుగానే ఉంది. "చెంచా జారినప్పుడే వచ్చింది అనుమానం. అందుకే ఇంట్లో అక్క దగ్గరికొస్తే స్విచ్చి ఆపేసేవాణ్ణి. ఎందుకైనా మంచిదని. నువ్వు కొలిచి గానీ చెప్పవు కదా. పిన్ను అన్నావు. అనుమానం పోయింది. స్విచ్చి ఆపడం మానేశాను."

మీటరమ్మ పక్కన పెట్టిన మీటరు తీసి సంచీలో వేసేసింది.

"నాకు చెప్పాల్సిన మాట మీరిద్దరూ వంటింట్లో మాట్లాడుకున్నారు," అన్నాడు. "నా చెయ్యి సంగతి. నాకు తప్ప అందరికీ తెలుసు. ఆ ఉత్తరం చింపెయ్. నా ఫిర్యాదులు మూడే. మూడే ఉండనీ. ఇంక నువ్వెళ్ళు."

ఆమె చింపలేదు. ఆ రాత్రి దుకాణం కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసింది. కుర్చీలో లోపం లేదు. నడిపినవాడి చెయ్యి బలహీనపడింది. ఆ సంగతి తెలిసి, డాక్టరు కాగితం లేకుండా, రోగికి చెప్పకుండా, వేగం తగ్గించకుండా చురుకు పెంచినది నేను. కింద సంతకం పెట్టింది. యజమాని చదివి, కళ్ళజోడు తీసి, "నీకు పిచ్చా?" అన్నాడు. మర్నాటి నుంచి ఇళ్ళకి పంపడం మానేశారు. దుకాణం వెనక కిటికీ లేని గదిలో పాత బ్యాటరీలకి చార్జింగు పెట్టడం, తీయడం. ఆ పనిలో నాలుగు నెలలు గడిచాయి. ఆమె దాన్ని ఎక్కువ శిక్ష అనుకోలేదు, తక్కువనీ అనుకోలేదు.

ఈలోగా క్రేనాయన కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది, ఎడంచెయ్యి దాని బాటే పట్టింది. కసరత్తు డాక్టరు వచ్చి చూసి, గడ్డంతో నడిపే పిడి అమర్చొచ్చని రాసిచ్చింది. దుకాణం నుంచి వేరే మెకానిక్కు వెళితే, ఆయన లోపలికి రానివ్వలేదు. మీటరమ్మే రావాలన్నాడట.

"ఆవిడ మీద నమ్మకముందా?" అని అడిగాడు యజమాని ఫోన్లో, నమ్మలేక.

"ఒకసారి అబద్ధమాడి చూసింది. మళ్ళీ ఆడదు," అన్నాడట ఆయన.

వెళ్ళింది. గడ్డం కింద వేలెడంత పిడి, ఇనప కమ్మీకి బిగించి. ఆయన ఒకటే షరతు పెట్టాడు. ఏది కొలిచినా తన ముందే కొలవాలి, అంకె పైకి చెప్పాలి. ఈ ఇంట్లో ఆమె వంటింట్లోకి వెళ్ళకూడదు. అప్పటికి అక్క తిరిగొచ్చింది, చంకలో కర్రతో, కుడిపాదం బయటికి తిరిగి. తమ్ముడు ఆ షరతు చెబుతుంటే ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

నేర్చుకోడానికి ఆయనకి ఆరు వారాలు పట్టింది. రెండు వేళ్ళ సందులో కుర్చీ తిప్పిన మనిషి, తాబేలు వేగంతో గోడలకి గుద్దుకున్నాడు. గుద్దుకున్న ప్రతిసారీ కళ్ళు మూసుకుని, "అక్క ఎక్కడుంది?" అనేవాడు. "గదిలో ఉన్నాలేరా," అని లోపల్నించి వినపడ్డాక గానీ మళ్ళీ కదిలేవాడు కాదు.

నెలకోసారి మీటరమ్మ వెళ్ళేది. బ్యాటరీ ఇంత, చార్జరు ఇంత, అని చదివేది. చివర ఆయన గడ్డం పిడిని ఎంత దూరం తోయగలుగుతోందో అదీ కొలిచి చదివేది. పోయిన నెల ఇరవై మిల్లీమీటర్లు, ఈ నెల పదిహేడు. ఆయన "ఊఁ" అనేవాడు. అంకెలు తప్ప వాళ్ళ మధ్య వేరే మాట నడవలేదు. ఒకసారి పదకొండు అని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె మళ్ళీ ఒకసారి కొలవబోయింది. "చెప్పు," అన్నాడు. చెప్పింది.

అలా పదకొండు నెలలు. ఆ తరవాత గొంతులో మింగుడు పడలేదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఒక మధ్యాహ్నం అక్క పక్కన ఉండగానే పోయాడు.

కర్మలన్నీ అయ్యాక కుర్చీ తీసుకుపొమ్మని అక్క కబురు చేసింది. మీటరమ్మ వెళ్ళేసరికి దాన్ని తుడిచి, నడవలో గుమ్మం దగ్గర పెట్టి ఉంచింది. గడ్డం పిడి మీద చిన్న గుడ్డ కప్పి ఉంది.

"నా మీద కోపంగా ఉందా నీకు? ఆ రోజు అలా అడిగానని," అంది అక్క.

"లేదమ్మా. చేసింది నేను."

"నేనైతే మళ్ళీ అడుగుతాను." అక్క గోడకి ఆనుకుంది, కర్ర రెండు చేతులా పట్టుకుని. "నువ్వేమైనా అనుకో. ఆ పంతొమ్మిది రోజులూ రోజూ రేవు గోడ దాకా వెళ్ళొచ్చాడు. ఎవడు పెట్టె ఎలా దించాడో చెబుతూ, చెంచా నా చేతికిచ్చి, తనకి తెలీకుండానే కడుపునిండా తిన్నాడు. నా కాలికి అది గిట్టుబాటే. ఆ తరవాత నాతో మాట్లాడలేదని కాదు. మాట్లాడాడు. కానీ నేను నడుచుకుంటూ వస్తుంటే కళ్ళు మూసుకునేవాడు. నా అడుగుల చప్పుడు ఆగాక తెరిచేవాడు. పదకొండు నెలలూ అంతే."

అవునంటే ఆయనకి ద్రోహం, కాదంటే ఈవిడకి. మీటరమ్మ వంగి, మోటార్ల పక్కనున్న రెండు మీటలూ తిప్పి చక్రాలు వదులు చేసింది. కుర్చీ వెనక నిలబడి మెల్లగా తోసింది. బరువుగా కదిలింది.

"నే పట్టనా?" అంది అక్క.

"వద్దమ్మా. మీరు తలుపు పట్టుకోండి చాలు."

అక్క తలుపు పట్టుకుంది. బయట వ్యాను డ్రైవరు సిగరెట్టు ఆర్పి, కుర్చీ రెండో వైపు పట్టుకోడానికి వచ్చాడు.